ఐస్‌క్రీం పుల్లల వంతెన
(మన సొసైటీ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య గురించి మాట్లాడమన్నారు. విద్య గురించి ఈ వేదిక మీద ప్రతి ఏటా మాట్లాడుతూనే ఉన్నాం. అందుకని నేను ఈసారి ఒక వంతెన గురించి మాట్లాడతాను. దాని పొడవు అరవై సెంటీమీటర్లు. బరువు 170 గ్రాములు. మన సాయంత్రపు ట్యూషన్ కేంద్రంలో చదువుకునే నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలు నిరుడు ఐస్‌క్రీం పుల్లలతో దాన్ని కట్టారు. అది విరిగిపోయింది. బహుమతి కూడా రాలేదు. అయినా దాని గురించే ఎందుకు చెబుతున్నానో, చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

ముందు నా తప్పు ఒకటి మీ అందరి ముందూ ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల కిందట నేను ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టారుగా ఉన్నప్పుడు వైజ్ఞానిక ప్రదర్శన వచ్చింది. మా బడి పేరు నిలబెట్టాలని నాకు తొందర. రాత్రుళ్లు కూర్చుని నేనే ఒక చెక్క వంతెన తయారుచేశాను. తెలిసిన వడ్రంగి మేస్త్రీ చేత చిత్రిక పట్టించి, వార్నిష్ కొట్టించి, ఒక తెలివైన కుర్రాడి చేతికిచ్చి నిలబెట్టాను. బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చే ముందు న్యాయనిర్ణేత ఆ కుర్రాణ్ణి ఒకే ఒక ప్రశ్న అడిగారు. "బాబూ, ఈ ఏటవాలు చెక్క తీసేస్తే ఏమవుతుంది?" అని. వాడు నా వైపు చూశాడు. తర్వాత నిజమే చెప్పాడు. "మా సారుకి తెలుసండీ" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వాడి చేత నేను చదివించింది ఏమీ లేదు, వాడి చేతిలో ఒక వస్తువు పెట్టానంతే.

ఇప్పుడైతే అంత కష్టం కూడా అక్కర్లేదు. స్టేషనరీ షాపుకి వెళ్తే అగ్నిపర్వతం, సౌర కుటుంబం, వంతెన అన్నీ సిద్ధంగా అమ్ముతున్నారు. తల్లిదండ్రులు కూలి డబ్బులు పెట్టి కొని పంపుతున్నారు. మార్కులు పడుతున్నాయి. పిల్లవాడి చేతికి మాత్రం జిగురు అంటడం లేదు.

అందుకే నిరుడు మన ట్యూషన్ పిల్లలకు ప్రాజెక్టు ఇవ్వగానే మూడు షరతులు పెట్టాను. ఒకటి, ఐస్‌క్రీం పుల్లలు, తెల్ల జిగురు తప్ప ఇంకేమీ వాడకూడదు. మేకు లేదు, తీగ లేదు. రెండు, రెండు బల్లల మధ్య అరవై సెంటీమీటర్ల ఖాళీని దాటాలి. మూడు, నేను చేయి వేయను. ప్రశ్నలు మాత్రం వేస్తాను.

నలుగురి పేర్లూ చెప్పను, వాళ్లు సిగ్గుపడతారు. ఒక అమ్మాయి తండ్రి మిర్చి యార్డులో హమాలీ. ఒక కుర్రాడి తాత ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకినవారు. ఇంకో అమ్మాయి వాళ్ల ఇంట్లో కుట్టుమిషన్ మీద బతుకు. నాలుగోవాడు పత్తి వేసి నష్టపోయి పట్నం వచ్చిన కౌలు రైతు కొడుకు. మన కేంద్రం తలుపు అందరికీ తెరిచే ఉంటుందని మీకు తెలుసు.

ఐస్‌క్రీం పుల్ల అంటే ఎంత? పదకొండున్నర సెంటీమీటర్ల పొడవు, సెంటీమీటరు వెడల్పు, రెండు మిల్లీమీటర్ల మందం. రెండు వేళ్లతో వంచితే పుటుక్కున విరుగుతుంది. "దీంతో వంతెనేంటి సార్?" అన్నాడు కౌలు రైతు కొడుకు. మొదటి పాఠం అక్కడే మొదలైంది.

ఒక స్కేలు తీసుకుని బల్ల అంచున పడుకోబెట్టి పట్టుకోమన్నాను. చివర వేలితో నొక్కితే వంగింది. అదే స్కేలును అంచు మీద నిలబెట్టి నొక్కమన్నాను. వంగలేదు. అదే చెక్క, అదే బరువు. పుల్ల విషయంలో లెక్క వేసి చూపించాను. పడుకోబెట్టినప్పటి కంటే నిలబెట్టినప్పుడు వంగకుండా నిలిచే గుణం ఇరవై అయిదు రెట్లు, విరగకుండా ఓర్చే బరువు అయిదు రెట్లు. మన పాత పెంకుటిళ్లలో దూలాన్ని ఎప్పుడూ నిలువుగానే ఎందుకు వేస్తారో అప్పుడు వాళ్లకు అర్థమైంది. ఏ పుస్తకమూ చదవని వడ్రంగి తాత ఈ సంగతి చేతితో తెలుసుకున్నాడు. మన పిల్లలు దాన్ని చేతితోనూ లెక్కతోనూ తెలుసుకోవాలి.

రెండో పాఠం చెప్పింది నేను కాదు. దూదేకేవారి మనవడు చెప్పాడు. వాళ్లింట్లో అటక మీద తాత వాడిన విల్లు ఇంకా ఉంది. దాన్ని తెమ్మన్నాను. మన పత్తి నేల మీద పుట్టిన పెద్దవాళ్లకు ఆ విల్లు తెలుసు. పొడవాటి బద్ద, ఈ కొసన ఆ కొసన బిగించిన నరం. నరాన్ని కొడితే "టంగ్" మని మోగుతుంది, దూది పింజలు పింజలుగా విడిపోతుంది. ఆ విల్లు చేతికిచ్చి అడిగాను. "నరం ఏం చేస్తోంది?" "లాగుతోంది సార్." "బద్ద ఏం చేస్తోంది?" కాసేపు ఆలోచించి, "అది నరాన్ని దగ్గరికి రానివ్వకుండా తోస్తోంది సార్" అన్నాడు. అంతే. వంతెన శాస్త్రంలో సగం అదే. ఏ వంతెనలోనైనా కొన్ని ముక్కలు లాగబడతాయి, కొన్ని నొక్కబడతాయి. పాఠ్యపుస్తకాలు వీటికి తన్యత, సంపీడనం అని పేర్లు పెట్టాయి. మేం లాగుడు, నొక్కుడు అనుకున్నాం.

మీలో చాలామంది రైల్లో రాజమండ్రి దాటి ఉంటారు. గోదావరి మీద వరసగా విల్లులు నిలబెట్టినట్టు కనిపించే కాంక్రీటు రైలు వంతెన ఉంది కదా, అది 1997లో తయారైంది. అందులో 28 విల్లులున్నాయి. పైన వంపు తిరిగిన భాగం బద్ద, కింద తిన్నగా పోయే భాగం నరం. ఇంజనీర్లు దాన్ని విల్లు-నారి వంతెన అనే అంటారు. తన తాత అటక మీద పెట్టిన వస్తువు గోదావరి మీద రైళ్లను మోస్తోందని తెలిసినప్పుడు ఆ కుర్రాడి ముఖం మీరు చూసి ఉండాల్సింది. వాడు దూదేకులవాడినని బడిలో చెప్పుకోవడానికి మొహమాటపడేవాడు. మర్నాడు ఆ విల్లును బడికి తీసుకెళ్లి క్లాసులో అందరికీ చూపించాడు.

దాని పక్కనే పాత హేవ్‌లాక్ వంతెన ఉంది. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. 56 ఖానాలు. ఇనుప పట్టీలను త్రికోణాలుగా అల్లి నదికి అడ్డంగా పరిచే పద్ధతినే ట్రస్ అంటారు. మా పిల్లలు ఎంచుకున్నదీ ట్రస్సే.

త్రికోణమే ఎందుకు? నాలుగు పుల్లలను మూలల్లో గుండుసూదులతో గుచ్చి చతురస్రం చేయమన్నాను. వేలితో తోస్తే పక్కకు ఒరిగిపోయింది. మూడు పుల్లలతో త్రికోణం చేయమన్నాను. ఎంత తోసినా దాని ఆకారం మారలేదు. బడిలో ఊగిపోయే బెంచీకి మేస్త్రీ ఏటవాలుగా ఒక బద్ద కొట్టి వెళ్లడం వాళ్లు చూసినదే. ఆ బద్ద బెంచీలో రెండు త్రికోణాలను పుట్టిస్తుంది. ఇరవై ఏళ్ల కిందట న్యాయనిర్ణేత అడిగిన ప్రశ్నకు జవాబు అదే. అది తీసేస్తే చతురస్రం మిగులుతుంది, చతురస్రం ఒరిగిపోతుంది.

ట్రస్‌లో రకరకాల అల్లికలున్నాయి. అమెరికాలో విలియం హోవ్ 1840లో చెక్కకు ఇనుప కడ్డీలు జోడించి ఒక పద్ధతి కనిపెట్టాడు. 1844లో ప్రాట్ అనే తండ్రీకొడుకులు ఇంకోటి తెచ్చారు. 1848లో ఇంగ్లండులో వారెన్ అనే ఆయన అన్నీ సమాన త్రికోణాలే ఉండే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మా పుల్లలన్నీ ఒకే పొడవు కాబట్టి వారెన్ పద్ధతే మాకు సరిపోయింది. కోసే పని తక్కువ, రంపం అక్కర్లేదు.

అమ్మాయిలిద్దరూ కాగితం మీద గీశారు. పక్కపక్కన ఆరు త్రికోణాలు, ఒక్కొక్కటి పది సెంటీమీటర్లు. ఎత్తు సుమారు తొమ్మిది సెంటీమీటర్లు. అలాంటివి రెండు తయారుచేసి, రెండు గోడల్లా నిలబెట్టి, మధ్యలో అడ్డపుల్లలతో కలపాలి. మొదటి వంతెన అయిదు రోజుల్లో తయారైంది. బట్టల క్లిప్పులు పెట్టి అతుకులు బిగించారు. చూడటానికి బొమ్మరిల్లులా ముద్దుగా ఉంది.

పరీక్ష ఇలా చేశాం. రెండు బల్లల మధ్య వంతెన పెట్టి, నడిమధ్య తాడుతో ప్లాస్టిక్ బకెట్ వేలాడదీసి, లీటరు చెంబుతో నీళ్లు పోస్తూ వెళ్లాం. లీటరు నీళ్లంటే కిలో. కొలతకు ఇంతకంటే చౌకైన, నిజాయితీ గల సాధనం లేదు. పదకొండు చెంబులు పోసేదాకా ఏమీ కాలేదు. పన్నెండో చెంబు పోస్తుండగా పై వరసలో నడిమి పుల్ల విల్లులా వంగింది, మరుక్షణం వంతెన కింద పడింది. నేల తడిసింది. కుట్టుమిషన్ ఇంటి అమ్మాయి ఏడ్చింది.

నేను ఓదార్చలేదు. "ఏ పుల్ల ముందు పోయింది?" అని అడిగాను. హమాలీ గారి అమ్మాయి చూసింది. "పైది సార్. విరగలేదు, ముందు వంగింది" అంది. ఆ ఒక్క మాటకు నేను ఆ రోజు నుంచీ ఆ పిల్లకు అభిమానిని. విరిగిన చోటు అందరూ చూస్తారు. విరగడానికి ముందు ఏం జరిగిందో కొందరే చూస్తారు.

అప్పుడు లెక్క వేశాం. బకెట్లో పన్నెండు కిలోలు. ఆ బరువు చెరి సగమై రెండు బల్లల మీద ఆరేసి కిలోలు పడుతుంది. బల్ల నుంచి మధ్యకు దూరం ముప్పై సెంటీమీటర్లు. ఆరుని ముప్పైతో గుణిస్తే 180. దాన్ని వంతెన ఎత్తు తొమ్మిదితో భాగిస్తే ఇరవై. ఆ ఇరవై కిలోల నొక్కుడు రెండు గోడలకూ పంచుకుంటే, ఒక్కో గోడలో పై పుల్ల మీద పది కిలోలు. తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన గుణకారం, భాగహారమే ఇందులో ఉన్నది.

"పది కిలోలకే పుల్ల వంగుతుందా?" అని వాళ్లకు అనుమానం. కిరాణా కొట్టు నుంచి తూకం మెషీను అరువు తెచ్చారు. ఒక పుల్లను తూకం మీద నిటారుగా నిలబెట్టి పైనుంచి అరచేత్తో మెల్లగా నొక్కారు. తొమ్మిది, పది దగ్గరికి వచ్చేసరికి పుల్ల పక్కకు వంగిపోయింది. కాగితం మీది పది, తూకం మీది పది ఒకటే అయ్యాయి. నలభై ఏళ్లు సైన్సుతో గడిపిన నాకు కూడా అలాంటి క్షణాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

స్విట్జర్లాండులో పుట్టిన ఆయిలర్ అనే గణితవేత్త పద్దెనిమిదో శతాబ్దంలోనే ఈ సంగతి తేల్చాడు. సన్నని కర్రను నిలువునా నొక్కితే అది నలిగి పోదు, ముందే పక్కకు వంగి పోతుంది. పొడవు సగం చేస్తే నాలుగు రెట్లు ఓర్చుకుంటుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు. పిల్లలు వెంటనే రెండు పుల్లలు అతికించి, ఆరనిచ్చి, తూకం మీద నిలబెట్టారు. ఈసారి నలుగురూ వంతులవారీగా నొక్కినా పుల్ల వంగలేదు, చేతులు నొప్పి పుట్టాయి.

రెండో వంతెనలో పై వరస, కింది వరస జంట పుల్లలతో వేశారు. అది ఇరవై ఒక్క కిలోలు మోసింది. తర్వాత ఏ పుల్లా వంగకుండానే ఒక గోడ మొత్తం పక్కకు పడిపోయింది. కింద అడ్డపుల్లలు పెట్టారు గానీ పైన పెట్టలేదు. వంతెన పై నుంచి వచ్చే బరువుకే కాదు, పక్కకు ఒరగకుండానూ నిలబడాలి.

ఇది బొమ్మ వంతెన సంగతి అనుకోకండి. మన ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి కృష్ణమ్మకు అడ్డంగా నిలబడి ఉంది. 2024 సెప్టెంబరు వరదలో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొని, బరువు దిమ్మెలు దెబ్బతిన్నాయి. మీదికి వచ్చే బరువు వేరు, పక్క నుంచి వచ్చే దెబ్బ వేరు. ఇంకో సంగతి. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున మన రేపల్లె నుంచి సికింద్రాబాదు బయల్దేరిన డెల్టా పాసింజరు వలిగొండ దగ్గర పడిపోయింది. వరదకు ఒక చిన్న రైలు వంతెన కొట్టుకుపోవడమే కారణం. వందమందికి పైగా చనిపోయారు. పండగలకు ఊరొచ్చి వెళ్లేవాళ్లు, పనులకు వెళ్లేవాళ్లు ఎక్కే బండి అది. ఈ మాట పిల్లలకు చెప్పినప్పుడు ఎవరూ మాట్లాడలేదు. బకెట్లో నీళ్లు ఎందుకు పోస్తున్నామో ఆ రోజు వాళ్లకు తెలిసింది. నీళ్లు పోసి మేం వంతెన విరగ్గొట్టేది, తర్వాత మనుషులు ఎక్కినప్పుడు విరగకుండా ఉండటానికి.

మూడో వంతెన మొదలుపెట్టేటప్పుడు హమాలీ గారి అమ్మాయి ఒక గురి పెట్టింది. "సార్, ఇది టిక్కీ మోయాలి" అంది. యార్డులో పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు, మిర్చి టిక్కీ నలభై కిలోలు, ఆ పైన. వాళ్ల నాన్న రోజూ భుజం మీద మోసేది అదే. ఐస్‌క్రీం పుల్లలు దాన్ని మోయాలని ఆ పిల్ల కోరిక. నేను లెక్క వేసి చూశాను. అసాధ్యం కాదు, కానీ ప్రతి అతుకూ సరిగ్గా ఉండాలి.

అతుకు దగ్గరే మా కథ చిక్కుకుంది. చెక్క పోగుల వెంబడి లాగితే ఐస్‌క్రీం పుల్ల కూడా చాలా బరువు ఓరుస్తుంది. పుల్లను లాగి తెంపడం మన చేతుల వల్ల కాదు. తెగేది అతుకు. రెండు పుల్లలు ఒకదాని మీద ఒకటి కనీసం సెంటీమీటరు మేర కలవాలి, జిగురు పలచగా సమంగా ఉండాలి, క్లిప్పు బిగించాలి, ఒక రోజంతా ఆరాలి. చలికాలం మంచులో ఇంకా ఎక్కువసేపు. జిగురుకు తొందర పనికిరాదు. పేదవాళ్ల ఇంట్లో తీరిక దొరకదు.

ప్రదర్శనకు వారం ముందు ఆ అమ్మాయి నాలుగు రోజులు రాలేదు. ఇంటికి వెళ్లాను. తల్లీ కూతురూ కోల్డ్ స్టోరేజీ దగ్గర మిర్చి తొడిమలు తీసే పనికి వెళ్తున్నారని తెలిసింది. కిలోకి ఇంత అని కూలి. ఆర్డరు తొందరగా పోవాలంటే పిల్లల చేతులు కూడా కలుస్తాయి. సాయంత్రం వచ్చాక ఆ పిల్ల వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని అరుగు మీద కూర్చుంది. చేతులు మండుతుంటే జిగురు డబ్బా పట్టుకోలేకపోతోంది. తల్లి నాతో అంది: "మాస్టర్ సాబ్, మీరు చెప్పేది మంచిదే. పుల్లలు అతికిస్తే మాకేమొస్తుంది? పదో తరగతి అయ్యాక ఎలాగూ మాన్పించేదే." ఆవిడ మాటలో కోపం లేదు. లెక్క ఉంది. నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

ఆ పిల్ల చివరి రోజు రాత్రి వచ్చి మిగిలిన అతుకులు వేసింది. మర్నాడు పొద్దున్నే ప్రదర్శన. ఆరడానికి పది గంటలు కూడా దొరకలేదు.

ప్రదర్శనలో మా బల్ల పక్కన షాపులో కొన్న మెరిసే వంతెనలు మూడు ఉన్నాయి. వాటి మీద ఎవరూ బరువు పెట్టలేదు, పెడితే పాడవుతాయి కదా. మా పిల్లలు బకెట్ తగిలించి నీళ్లు పోయడం మొదలుపెట్టారు. చుట్టూ గుంపు చేరింది. ఒక బకెట్ నిండితే రెండోది తగిలించారు. ఇరవై ఒకటి దాటింది. ముప్పై దాటింది. ముప్పై అయిదు, ముప్పై ఆరు, ముప్పై ఏడు. కింది వరసలో ఒక అతుకు జారింది. అంతే, అయిపోయింది. టిక్కీకి మూడు కిలోలు తక్కువ.

న్యాయనిర్ణేత వచ్చి అడిగారు. "ఎందుకు విరిగింది?" నా గుండె ఇరవై ఏళ్ల వెనక్కి వెళ్లింది. హమాలీ గారి అమ్మాయి ముందుకొచ్చి విరిగిన అతుకు వేలితో చూపించింది. "పుల్ల బాగానే ఉందండీ, జిగురు ఆరలేదు. ఇది రాత్రి నేనే వేశాను. పనికి వెళ్లి ఆలస్యంగా వచ్చాను. ఒక రోజు ఆరి ఉంటే ఇక్కడ పోయేది కాదు. తర్వాత ఎక్కడ పోయేదో మళ్లీ పరీక్ష చేస్తే గానీ చెప్పలేను" అంది. నా వైపు చూడలేదు. ఆయన ఇంకో మూడు ప్రశ్నలు వేశారు, నలుగురూ తలా ఒకటి చెప్పారు. 170 గ్రాముల వంతెన తన బరువుకు రెండువందల రెట్లకు పైగా మోసిందని లెక్క కట్టి చూపించారు. బహుమతి వేరేవాళ్లకు వెళ్లింది. మాకు బాధ కలగలేదని చెబితే అబద్ధం.

ఆ సాయంత్రం విరిగిన వంతెన పట్టుకుని ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాం. వాళ్ల నాన్న అప్పుడే యార్డు నుంచి వచ్చి భుజానికి తువ్వాలు తీసి కూర్చున్నాడు. ముప్పై ఏడు కిలోలు అని చెబితే నమ్మలేదు. వంతెనను చేతిలో పెట్టుకుని బరువు చూశాడు, పుల్లలు లెక్కపెట్టాడు. జారిన అతుకు దగ్గర వేలు పెట్టి, "ఇది నువ్వు తొడిమలకు పోయిన రోజుదేనా?" అని కూతుర్ని అడిగాడు. ఆ పిల్ల తలూపింది. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత భార్యతో, "పరీక్షలయ్యేదాకా దీన్ని పనికి తీసుకెళ్లకు" అన్నాడు. అంతే అన్నాడు.

ఇప్పుడు ఆ అమ్మాయి పదో తరగతిలో ఉంది. పాలిసెట్ రాసి సివిల్ డిప్లొమాలో చేరతానంటోంది. మూడేళ్ల కోర్సు. తల్లి ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. సీటు రావాలి, దూరమైతే హాస్టలు కావాలి, బస్సు చార్జీలు కావాలి, అన్నిటికంటే ముందు ఆమె కూలికి వెళ్లకపోతే ఆ ఇంట్లో తగ్గే డబ్బు సంగతి చూడాలి. ఏమవుతుందో నేను మీకు హామీ ఇవ్వలేను.

ఖర్చు సంగతి అడిగే హక్కు మీకుంది. మూడు వంతెనలకూ కలిపి పుల్లలు, జిగురు, క్లిప్పులు నాలుగు వందల రూపాయలు దాటలేదు. నిరుడు ఒక పెద్దాయన నన్ను సూటిగా అడిగారు: "జకాత్ సొమ్ముతో పుల్లలు కొంటున్నారా?" మంచి ప్రశ్న, అడగవలసిన ప్రశ్న. లేదు. జకాత్ ఖాతా వేరు, సాధారణ విరాళాల ఖాతా వేరు. జకాత్ అర్హులైన కుటుంబాల చేతికే వెళ్తోంది. పుల్లలు, జిగురు రెండో ఖాతాలోవి. లెక్కల పుస్తకం కోశాధికారి గారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు.

దాతలకు నా విన్నపాలు మూడు. ప్రతి ఏటా ఈ వేదిక మీద షీల్డులు, శాలువాలు ఇస్తున్నాం. అందులో సగం ఖర్చు తగ్గించి ట్యూషన్ కేంద్రానికి ఒక మంచి తూకం, రెండు పని బల్లలు, ఒక బీరువా కొనివ్వండి. కిరాణా కొట్టువారి తూకం ఎన్నాళ్లు అరువు తెస్తాం? రెండోది, పదో తరగతి చదివే ఆడపిల్లల్లో పనికి వెళ్లక తప్పనివారిని గుర్తించి, పరీక్షల ముందు మూడు నెలలు ఆ ఇంటికి కూలి నష్టం భర్తీ చేయండి. ఫీజు కట్టడం ఒక్కటే సాయం కాదు. ఆ పిల్లకు లేనిది ఫీజు కాదు, జిగురు ఆరేంత సమయం. జకాత్‌కు అర్హమైన ఇళ్లు ఇందులో ఏవో ఉస్తాదుల్ని అడిగి తేల్చండి. మూడోది డబ్బుతో పని లేనిది. మీలో మేస్త్రీలున్నారు, కలప అడితి నడిపేవారున్నారు, ఇంజనీర్లున్నారు, మెకానిక్కులున్నారు. నెలలో ఒక ఆదివారం వచ్చి పిల్లలతో కూర్చోండి. మీరు కట్టి ఇవ్వకండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి. ప్రశ్నలు వేయండి చాలు.

నాలుగో వంతెన మొదలైంది. ఈసారి ఎనిమిదో తరగతి పిల్లలు కడుతున్నారు. హమాలీ గారి అమ్మాయి ఆదివారం పూట వచ్చి అతుకులు సరిచూస్తోంది. జిగురు ఆరకుండా ఎవరైనా క్లిప్పు తీస్తే కేకలేస్తోంది. గురి మాత్రం మారలేదు, నలభై కిలోలు. ఈసారి బకెట్లో నీళ్లు కాదు, యార్డు నుంచి నిజం టిక్కీనే తెప్పిస్తానని వాళ్ల నాన్న మాటిచ్చాడు. పరీక్ష రోజు నోటీసు బోర్డులో పెడతాం. దయచేసి రండి. మోస్తే చూద్దాం, విరిగితే ఎక్కడ విరిగిందో పిల్లల్నే అడుగుదాం.